అత్తమ్మ ఎక్కనన్న కారు

మా ఆయన పశువుల డాక్టరు. పెళ్లయిన మరుసటి ఏడు ఆయనకు కోస్గి బదిలీ అయింది. అరవైల మొదట్లో ఆ చుట్టుపక్కల పల్లెలకు బస్సు పోవడమే అరుదు. ఎక్కడో గొర్రెలకు రోగం తగిలిందని కబురొస్తే, మందుల పెట్టె సైకిలుకు కట్టుకుని పొద్దున్నే బయలుదేరేవారు. అట్లాంటి మనిషికి ఒక దొర కొట్టంలో మూలపడిన కారు కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండు నుంచి వచ్చిన చిన్న కారు. దాని వెనక సీటులో కోళ్లు పొదుగుతున్నాయి. దొర ఇంటివాళ్లు పట్నం వెళ్లిపోతూ దాన్ని వదిలించుకుందామనుకుంటున్నారు. ఆయన దాన్ని ఎడ్లతో మా ఇంటికి లాగించుకొచ్చారు.

నేను అప్పుడు ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ఆ ఎండాకాలం సెలవులన్నీ, ఆయన పల్లెలకు పోయాక ఇంజను సామాన్లను ఒక్కదాన్నే కిరసనాయిలులో కడగడంతోనే గడిచాయి. వానలు పడేసరికి కారు నడిచింది. ఆగడం మాత్రం దానికి అంత బాగా రాదు. దాని బ్రేకులు తీగెలతో పనిచేసేవి. కాలితో తొక్కితే ఇనుప తీగెలు లాగి చక్రాలను పట్టాలి. పాతబడిన తీగెలు ఒకటి బిగువు, ఒకటి వదులు. అందుకని ఆగే ముందు కారు ఏదో ఒక పక్కకు మొగ్గేది. ఆయన దానికి అలవాటుపడి, ఆగాల్సిన చోటుకు చాలా ముందు నుంచే తొక్కుతూ వచ్చేవారు.

అత్తమ్మది మక్తల్ దగ్గర పల్లె. దసరా తరువాత మా ఇంటికి వచ్చి కొన్నాళ్లు ఉంది. తిరిగి వెళ్లేటప్పుడు కొడుకు కారులో దింపుతానంటే సంబరంగా ఎక్కింది. వెనక సీటులో నిటారుగా కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి మనిషినీ పలకరించింది. ఒక వాగు దగ్గర రోడ్డు బాగా దిగుడుగా ఉంటుంది. మేము పైనుంచి దిగుతుంటే కింద గొర్రెల మంద రోడ్డు నిండా అడ్డంగా నడుస్తోంది. ఆయన బ్రేకు తొక్కారు. కింద ఏదో టప్పున తెగిన చప్పుడైంది. పెడలు నేలను తాకింది. కారు ఆగలేదు.

ఆయన ఒక్కసారిగా కారును పక్కనున్న జొన్నచేలోకి తిప్పేశారు. కంకులు అద్దానికి కొట్టుకుంటూ, దంట్లు కింద పెటపెట విరుగుతూ పోయి, చేను మధ్యలో ఒక గట్టుకు ముక్కు ఆనించి కారు నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గొర్రెలకూ ఏమీ కాలేదు. మందకాపరి పరుగున వచ్చి లోపలికి తొంగి చూసి, మా ఆయనను గుర్తుపట్టాడు.

"పోయిన వారం మీరు సూదులేసిన మందే గిది సారూ," అన్నాడు. "బతికిచ్చిన మీరే గిట్ల మీదికొస్తే ఎట్ల?" అని నెమ్మదిగా అడిగాడు.

అత్తమ్మ దిగి, కొంగు దులుపుకుని, మూట తీసుకుని, అటుగా పోతున్న ఎడ్లబండిని ఆపి ఎక్కింది. "నీ కార్ల నేను మళ్ల ఎక్క, కొడుకా," అని చెప్పి, నా వైపు తిరిగింది. "వాడు ఇనడు. నువ్వన్న ఎక్కకు బిడ్డా."

మళ్లీ ఎడ్లతో లాగించి తెచ్చాక కొన్నాళ్లు కారు మా వాకిట్లో కదలకుండా నిలిచింది. ఆయన మళ్లీ సైకిలెక్కారు. తల్లి ఎడ్లబండిలో వెనక్కి తిరిగి చూడకుండా పోవడం ఆయన మనసులో బాగా గుచ్చుకుంది. తెగిన తీగె మార్చితే సరిపోతుంది కదా అన్నాను. మారిస్తే ఇంకొకటి తెగుతుందన్నారు. అదే కంపెనీ తరువాత చేసిన కార్లకు నూనెతో పనిచేసే బ్రేకులు ఉంటాయట. ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్లి, పాత సామాన్ల బజారంతా తిరిగి, బరువైన గోనెసంచితో బస్సు దిగారు. అందులోంచి చక్రాల లోపల బిగించే బ్రేకు పలకలు, సన్నటి రాగి గొట్టాలు, పిడికిలంత నూనె పంపు బయటపడ్డాయి. వాకిట్లో పరిచిన షాబాదు బండల మీద అన్నింటినీ వరసగా పేర్చి, వాటి చుట్టూ ఆయన తిరగడం చూస్తే నాకు నవ్వొచ్చింది, ముద్దుగానూ ఉంది.

ముందు చక్రాలకు నూనె బ్రేకులు, వెనక చక్రాలకు కొత్త తీగెలు పెట్టాలని నిర్ణయించారు. నూనె పంపును కారు కింద బిగించడానికి ఒక ఇనుప పట్టీ కావాలి. ఎదురింట్లో బండిచక్రాలకు పట్టాలు వేసే సాయెబు దాన్ని కొలిమిలో కాల్చి వంచి ఇచ్చాడు. అప్పటి నుంచి సాయెబుకూ ఇది సొంత పనైపోయింది. ఊళ్లో అందరూ కారు నడిచిందా అని అడిగితే, సాయెబు మాత్రం రోజూ సాయంత్రం మా గడప దగ్గర నిలబడి, "ఆగిందా డాక్టర్ సాబ్?" అని అడిగేవాడు.

అన్నీ బిగించాక గొట్టాల్లోంచి గాలి తీయాలి. అది ఒక్కరితో అయ్యే పని కాదు. నేను డ్రైవరు సీటులో కూర్చుని పెడలు తొక్కాలి. ఆయన కింద పడుకుని, చక్రం దగ్గరి చిన్న మర వదులు చేసి గాలిని బయటికి పంపాలి. దవాఖానలోని రబ్బరు గొట్టం ఒక కొస ఆ మరకు తొడిగి, రెండో కొస నూనె పోసిన మందుసీసాలో ముంచారు. "తొక్కు... పట్టు... ఇడువు" అని కింది నుంచి ఆయన గొంతు. సీసాలో బుడగలు. పెళ్లయ్యాక మేమిద్దరం అంతసేపు ఒక్కచోట, ఒక్క పని మీద ఉన్నది అదే మొదలు. అత్తగారింట్లో నలుగురి మధ్య మాట్లాడుకోవడానికే మొహమాటపడిన వాళ్లం. ఇప్పుడు ఆయన మాట ప్రకారం నా కాలు, నా కాలు ప్రకారం ఆయన చెయ్యి.

బుడగలు ఆగిపోయాయి. కానీ పెడలు గట్టిపడలేదు. నానిన బూరుగుదూదిని తొక్కినట్టు మెత్తగా దిగిపోయేది. మళ్లీ మొదలుపెట్టాం. మరునాడూ అంతే. ఆయన విసిగిపోయి, నుదుటికి నూనె మరకతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను వంగి చక్రం లోపలికి చూశాను. గాలి తీసే మర అడుగున ఉంది. నూనె వచ్చే గొట్టం దానికి పైన ఉంది.

"సూది వేసేటప్పుడు మొన పైకి పెట్టి కదా గాలి తీస్తరు," అన్నాను. "గిక్కడ కింది నుంచి తీస్తున్నరేంది?"

ఆయన నన్ను చూశారు, చక్రాన్ని చూశారు. లేచి వచ్చి పక్కన కూలబడి పెద్దగా నవ్వారు. ముందు ఎడమవైపు పలకను కుడివైపు, కుడివైపుదాన్ని ఎడమవైపు బిగించేశారట. రెండూ మార్చగానే మరలు పైకి వచ్చాయి, దాక్కున్న గాలి పోయింది. నా కాలి కింద పెడలు రాయిలా నిలిచింది. ఆ సాయంత్రం సాయెబు వచ్చినప్పుడు, ఆగిందని నేనే చెప్పాను.

సంక్రాంతి దాటాక అత్తమ్మ బస్సులో వచ్చింది. కారు వైపు కన్నెత్తి చూడలేదు. కానీ మరునాడు వాకిలి ఊడుస్తూ పొద్దున పంపులో పోస్తుంటే బండ మీద ఒలికిన నూనెను వేలితో అద్ది వాసన చూసింది.

"ఆముదం వాసనొస్తాంది గదరా," అంది కొడుకుతో.

బ్రేకు నూనెలో ఎక్కువ పాలు ఆముదమేనని, దాంట్లో ఇంకేదో కలుపుతారని ఆయన చెప్పారు. అత్తమ్మ పొలంలో ఏటా ఆముదాలే. దీపంలోకి, పసిపిల్లల మాడుకు, బండి ఇరుసుకు అన్నిటికీ చేత్తో తీసిన ఆముదం వాడిన మనిషి. వేలు మరోసారి వాసన చూసింది. "గిదైతే నాకు తెల్వనిది కాదు," అని, కారు చుట్టూ తిరిగి చక్రాలన్నీ చూసింది. ఆయన వెనక సీటులో జొన్నబస్తాలు వేసుకుని ఊరవతల దిబ్బ ఎక్కి దిగి, నడిదిగుడులో ఆపి చూపించారు. అత్తమ్మ కాలినడకన వెంట వెళ్లి, పక్కన నిలబడి చూసింది. అప్పుడు బస్తాలు దింపించి తానెక్కింది.

ఆ వేసవిలో మేం ముగ్గురం నందికొండ దగ్గర కృష్ణానదికి కడుతున్న డ్యామును చూడ్డానికి వెళ్లాం. కృష్ణ వైపు దిగే రోడ్డు మీద ఎక్కడా అత్తమ్మ సీటు పట్టుకోలేదు. అక్కడ డ్యాము గోడ కంటే ఎక్కువగా దాన్ని కట్టే మనుషులను చూసింది. తలమీద తట్టలు మోసే ఆడవాళ్లలో ఒకామె మాట మక్తల్ వైపుది. పలకరిస్తే, పుట్టింట్లో తల్లికి బాగాలేదని, కూలి మానుకుని, చంటిదాన్ని, మూటను తీసుకుని బస్సు కోసం చూస్తున్నానని చెప్పింది. అత్తమ్మ మమ్మల్ని అడగలేదు. ఆమె మూట తీసి కారులో పెట్టింది. ఆమె కారును చూసి జంకింది.

"ఎక్కు బిడ్డా, ఏం ఫికర్ లేదు," అంది అత్తమ్మ. "మా కొడుకు, కోడలు కూసుండి చేసిన బిరేకులు."

మా ఆయన అటు తిరిగి కారు అద్దం తుడవడం మొదలుపెట్టారు. పసిపిల్ల అత్తమ్మ ఒళ్లోకి చేరింది. దేవరకొండ మీదుగా మహబూబ్‌నగరు దాకా అత్తమ్మా, ఆ తల్లీ తమ పల్లెల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పుకుంటూనే ఉన్నారు.