కొలతలకి సరిపోయిన గది

2021 మార్చి. అమెరికాలో జార్జియా రాష్ట్రం, కమ్మింగ్ ఊరు. మా అబ్బాయికి ఇళ్ళు రిమోడల్ చేసే చిన్న కంపెనీ ఉంది. మా ఆయన వడ్రంగి. ఆయన పక్కన టేపు రెండో కొస పట్టుకుని నేర్చుకున్న పని నాది. చదివింది ఐదో తరగతే అయినా అంగుళం తప్పను. తెలుగువాళ్ళ ఇల్లయితే మొదట చూసి రావడానికి నేనే వెళ్తాను.

మా ఇంటి కప్పు కింద డార్మర్ గది కుదురుతుందా అని చాలామంది అడుగుతారు. డార్మర్ అంటే ఏటవాలు కప్పుని ఒకచోట కోసి, కిటికీతో సహా పెట్టెలా పైకి లేపడం. దాంతో తల తగలకుండా నిలబడే చోటు పెరుగుతుంది. ముందు నడిమధ్య ఎత్తు చూస్తాను. తర్వాత కప్పుని మోసేవి రాఫ్టర్లా, ట్రస్సులా అని చూస్తాను. రాఫ్టర్లంటే విడివిడి వాసాలు, మధ్యన ఖాళీ ఉంటుంది. ట్రస్సంటే అడ్డకర్రలతో బిగించిన చట్రం. దాన్ని కోస్తే కప్పుకే ముప్పు, అందుకని వద్దని చెప్పి వచ్చేస్తాను. ఇక జాయిస్టులు, అంటే నేలని మోసే దూలాలు, మనుషుల బరువు ఆపాలి. మెట్లు దిగడానికి కింద చోటుండాలి.

ప్రసాద్ వాళ్ళది పాత రెండంతస్తుల ఇల్లు, రాఫ్టర్ల కప్పు. వాళ్ళమ్మ రాజ్యలక్ష్మి గారు కింద గదిలో ఉండేవారు. డెబ్భై దాటాయి, షుగరు, మోకాళ్ళ నొప్పులు. ప్రసాద్‌కి ఆఫీసు పని ఇక ఎప్పటికీ ఇంటినుంచేనని చెప్పేశారట. కింద గది తను తీసుకుని, అమ్మకి పైన గది కట్టిస్తానన్నాడు.

పైకెక్కి కొలిచాను. ఎత్తు ఉంది. జాయిస్టులకి జోడు దూలాలు వేస్తే చాలు. దిగి వస్తుంటే రాజ్యలక్ష్మి గారు ఆపారు.

"లాఫ్ట్ అంటున్నారు, అంటే ఏమిటి వదినగారూ?"

"అటకండీ" అన్నాను. నాకొచ్చిన తెలుగు అదే.

"అయితే సరిగ్గానే ఉంది. పాత సామాను పెట్టేది అక్కడేగా."

ప్రసాద్ నవ్వాడు, అతని భార్య సుధ నవ్వింది, నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదని ఇంటికొచ్చాక గాని తట్టలేదు.

ఆఫీసునే పైన పెట్టుకోవచ్చుగా అని ప్రసాద్‌ని అడక్కపోలేదు.

"సమ్మర్‌లో పైన వేడి, ఆంటీ. ఎనిమిది గంటలు కాల్స్‌లో కూర్చోవాలి, ఉడికిపోతాను."

నువ్వు ఎనిమిది గంటలు కూర్చోలేని చోట మీ అమ్మ రోజంతా ఉండాలా అని నోటిదాకా వచ్చింది. కొలతలు చూడమని పిలిచారు, వాళ్ళింటి సంగతి నాకెందుకని మింగేశాను. సుధ పైన బాత్రూమ్ కూడా వేయిద్దామంది. పైపుల కోసం గోడలు పగలగొట్టడం దుబారా, కింది అంతస్తులో ఉందిగా అని ఆపింది నేనే. అన్నీ సరిపోతాయని చెప్పి వచ్చాను. గది కుదురుగా వచ్చింది. ఇన్‌స్పెక్షన్‌లో ఒక్క వంకా పెట్టలేదు.

మరుసటి ఏడు జూన్‌లో డార్మర్ కిటికీ దగ్గర చెమ్మ వస్తోందంటే వెళ్ళాను. ఏసీ తిరుగుతూనే ఉంది, గది మాత్రం వెచ్చగానే ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. పెదాలు ఎండిపోయాయి. పక్కన గ్లాసు నిండా నీళ్ళు. తాగరేం అన్నాను.

"తాగితే దిగాలిగా. పద్నాలుగు మెట్లు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి దిగుతాను. మధ్యలో నోరు తడుపుకుంటాను."

"అబ్బాయితో చెప్పకపోయారా?"

"వాడు ముచ్చటపడి కట్టించాడు. బాగాలేదని ఎలా అనను, వదినగారూ?"

ఆరోజే ప్రసాద్‌తో చెప్పాను. మాతో ఎప్పుడూ అనలేదే అని తెల్లబోయాడు. వచ్చే స్ప్రింగ్‌లో బాత్రూమ్ వేయిద్దామన్నాడు. అప్పటిదాకా ఆగొద్దు, మంచం కిందికి దించమన్నాను. చూద్దాం ఆంటీ అన్నాడు.

ఆగస్టులో ఆవిడ ఆసుపత్రి పాలయ్యారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. షుగరు ఒక కారణం, నీళ్ళు తాగకపోవడం ఇంకో కారణం. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకి ఇన్నే నీళ్ళని డాక్టర్లు కొలిచి చెప్పారు. దాహమేసినా అంతకు మించి తాగకూడదు. ఆవిడ మంచం మళ్ళీ కింది గదిలోకి వచ్చింది. ప్రసాద్ పైన కూర్చుని కాల్స్ చేసుకుంటున్నాడు.

ఒకరోజు ఫోన్ చేశాడు. "ఆంటీ, కొలిచిన రోజే మీకు తెలీదా, ఆ గది అమ్మకి పనికిరాదని?"

"తెలుసు బాబూ" అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు.

అప్పట్నుంచి టేపు తీసేముందు ఆ గదిలో పడుకునేది ఎవరో వాళ్ళని పిలవమంటాను. ఇంట్లో ఉన్న మెట్లు మూడుసార్లు ఎక్కి దిగమని, పక్కన నిలబడి చూస్తాను. పెద్దవాళ్ళయితే పైన బాత్రూమ్ లేనిదే గది మాట ఎత్తొద్దంటాను. నాకు తోచింది అందరి ముందే చెప్పేస్తాను. కొందరు మొహం మాడ్చుకుని ఇంకొకర్ని పిలుచుకుంటారు. పనులు పోతున్నాయమ్మా అని మా అబ్బాయి గొణుగుతాడు. పోతే పోనీ అంటాను.