సంచుల్లోకి పోయిన పేజీ

ఆ వీధిలో ఆమెను అందరూ పేపరమ్మ అంటారు. పాత వారపత్రికలు కొని, చింపి, జిగురు రాసి, కొట్లకు సంచులు చేసి ఇస్తుంది. చింపే ముందు చదవందే ఆమెకు తోచదు. ఏ మతంవాళ్లు పోయినవాళ్లను ఎటు తలపెట్టి పడుకోబెడతారో, ఏ నక్షత్రం ఎప్పుడు ఆరిపోయిందో, ఏ రాజు అన్నను చంపి గద్దెనెక్కాడో, ఏ మంత్రి ఎన్ని పార్టీలు మారాడో అడిగితే చాలు, గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. కాకపోతే అన్నీ సగం సగమే. మిగతా సగం ఎవరింటి పంచదార సంచిలోనో ఉంటుంది.

ఆమె భర్త గోడలకు రంగులు వేసేవాడు. కాళ్లూ చేతులూ చచ్చుబడి మంచం పట్టాడు. ఇప్పుడు మింగడమూ కష్టమైంది. మందు లేదని పెద్ద డాక్టరు చెప్పేశాడు. ఆయనదేం పోయింది, నోటిమాటే కదా! ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమెకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

ఆ ఉదయం సంచులు కొట్లో ఇచ్చి వచ్చాక, మిగిలిన కాగితాల్లో ఒక పేజీ కంటబడింది. అచ్చంగా తన భర్త జబ్బు గురించే. కొత్త మందుతో చచ్చుబడిన కాళ్లలోకి బలం వచ్చిందట. ఎవరికి, ఎక్కడ అన్నది తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీని తొందరలో చదవకుండానే తన చేత్తో సంచిగా అంటించేసింది.

ఉన్నంతవరకు ఆయనకు చదివి వినిపించింది. ఆయన కళ్లు మెరిశాయి. "మిగతాది పట్రావే" అన్నాడు.

ఆమె కొట్టుకు పరుగెత్తింది.

"అన్నా, పొద్దున్నిచ్చిన సంచులన్నీ ఇచ్చెయ్."

"ఇచ్చినవి వెనక్కి అడుగుతావేంటమ్మా, మతి పోయిందా?"

"పోయింది. ముందు సంచులియ్యి."

అన్నీ విప్పింది. లేదు. ఇంటింటికీ తిరిగింది, చెత్తబుట్టలు తిరగేసింది. మొదట నవ్వినవాళ్లు ఆమె మొహం చూసి నోరు మూసుకున్నారు. చివరికి వీధి చివరి టీచరమ్మ వంటింట్లో ఆ సంచి దొరికింది. నీళ్లద్ది, మెల్లగా విప్పి, నిలబడే చదివింది. బలం వచ్చింది ఎలుకలకట. మనుషుల దాకా రావాలంటే ఏళ్లు పడుతుందట. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఆ రాసినవాడి మీద ఒళ్లు మండిపోయింది.

ఇల్లు చేరేసరికి ఆయన గుమ్మంకేసే చూస్తున్నాడు.

"దొరికిందా?"

"దొరికిందండీ. మందు నిజమేనట. ఎక్కడిస్తారో తర్వాతి సంచికలో రాస్తారట."

ఆయన ఆమె ఖాళీ చేతులకేసి చూశాడు.

"అయితే అదొచ్చేదాకా ఎలాగోలా ఉంటాలే" అన్నాడు. "ఈసారి మాత్రం చదివాకే చింపు."