పొగమంచు నెలల కాగితాలు

పిడుగురాళ్లలో ఒక ప్రభుత్వ కార్యాలయం మేడ మీద ఉన్న గాలి యంత్రాన్ని గోపిక ఆరేళ్లు కనిపెట్టుకుని ఉంది. చిన్న బీరువా అంత యంత్రం. వారానికి రెండు రోజులు గాలిని పీల్చి, అందులోని దుమ్మును తెల్లటి కాగితం మీదకు దించేది. పక్కనే గాజు సీసాల్లో పోసిన మందునీళ్లలోంచి గాలి బుడగలుగా పోయేది. సున్నపు బట్టీల బొగ్గు పొగలోని గంధకపు వాయువు, లారీలు వదిలే నత్రజని వాయువు ఆ నీళ్లకు చిక్కేవి. వేళకు కాగితం మార్చడం, సీసాలకు మూత బిగించి ల్యాబుకు పంపడం గోపిక పని. గుంటూరు నుంచి వచ్చే ఇంజినీరు శశికాంత్ ఆమెకు ఆ పని నేర్పాడు.

రెండేళ్లు తిరిగేసరికి కాగితం చూసి అది ఏ కాలమో చెప్పగలిగింది. ముసురు పట్టిన వారాల్లో పెట్టిన కాగితం పెట్టినట్టే వచ్చేది. ఎండాకాలం క్వారీల దుమ్ము పడి, వేలు పెడితే గరగరలాడేది. కార్తీకం దాటి మంచు దిగిందంటే మాత్రం బూడిదరంగు, ఆపైన నలుపు. చలికి నేల మీది గాలి బరువెక్కుతుందనీ, దానిపైన వెచ్చటి గాలి మూతేసినట్టు కూర్చుంటుందనీ, పొగంతా పైకి పోలేక మనుషుల ముక్కుల దగ్గరే తిరుగుతుందనీ శశికాంత్ చెప్పాడు. అందులో మరీ సన్నటి నుసి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుందట. దగ్గినా బయటికి రాదట.

ఆ మాట విన్న రోజు గోపిక మేడ దిగి నేరుగా ఇంటికి నడిచింది. ఇంట్లో కూతురు భవిత ఉంది.

భవితకు తొమ్మిదేళ్లు. నాలుగో ఏట మొదటిసారి ఆయాసం వచ్చింది. వానాకాలమంతా గంతులేసే పిల్ల, మంచు మొదలవగానే మంచం పట్టేది. గుండెల్లో పిల్లికూతలు. తండ్రి దుర్గాప్రసాద్ బట్టీలో రాయీ బొగ్గూ ఎత్తే మనిషి. తన ఒంటి దుమ్మే పిల్లకు చేటు చేస్తోందనుకుని, వాకిట్లోనే బట్టలు విడిచి, నాలుగు చెంబులు పోసుకుంటే తప్ప గడప దాటేవాడు కాదు. అయినా జబ్బు ఏటికేడు ఇంకా ముందే వచ్చేది.

కిందటి డిసెంబరులో ఒక పొద్దున భవిత పెదాలు నీలంగా మారాయి. మంచులో ఎదురుగా ఏమొస్తున్నదో కనపడక ఆటో నత్తనడక నడిచింది. ఆస్పత్రిలో ముక్కుకు మందు పొగ పెట్టాక, పిల్లను ఈ గాలికి దూరంగా ఉంచమన్నాడు డాక్టరు.

ఆ వారం శశికాంత్ వచ్చినప్పుడు గోపిక అడిగేసింది, తను పంపే కాగితాలు ఏమవుతున్నాయని. అతను యంత్రం తలుపు మూసి చెప్పాడు.

"మంచు నెలలు నాలుగూ చానా ఎక్కువే వస్తన్నయి గోపికమ్మా. కానీ పైన చూసేది ఏడాది సగటు. వానలు దాన్ని కిందికి లాగేస్తయి."

"నా పిల్ల ఏడాది మొత్తానికి ఒక్కసారి ఊపిరి తీసుకోదు గదా సార్."

అతను సీసాలు సర్దుకుని మెట్లు దిగాడు.

జనవరిలో వాళ్ల కాలనీ పక్కన మరికొన్ని బట్టీలు పెట్టడానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వెళ్లొద్దన్నాడు దుర్గాప్రసాద్. గోపిక వెళ్లింది. ఏ కాగితం ఏ రోజుదో మరిచిపోకుండా మొదటి నుంచీ ఫోనులో ఫొటోలు తీసుకునే అలవాటు ఆమెది. షామియానా కింద లేచి నిలబడి, ఆగస్టు కాగితం ఒకటి, డిసెంబరు కాగితం ఒకటి చూపించింది. ముందు వరుసలోని అధికారి ఫోను అందుకుని చూసి, రాసుకున్నామమ్మా అని తిరిగిచ్చేశాడు. వెనక కూర్చున్న బట్టీ కూలీలు ఆమె వంక చూడలేదు. వాళ్లలో సగం మంది పెళ్లిళ్లలో ఆమె భోజనం వడ్డించింది.

పది రోజుల్లో కొత్త బట్టీలకు అనుమతి వచ్చింది. చుట్టూ మొక్కలు నాటాలని షరతు పెట్టారట. అనుమతి లేకుండా ఆఫీసు వివరాలు బయటపెట్టిందని గోపికను పనిలోంచి తీసేశారు. బట్టీ మేస్త్రీ దుర్గాప్రసాద్‌ను పనిలోకి రావద్దన్నాడు.

మూడో రోజు దుర్గాప్రసాద్ అన్నం ముందు కూర్చుని అన్నాడు.

"నువ్వు చెప్పింది అబద్ధమని నేననట్లా. బట్టీ ఆగితే మనం తినేదేందే? అది చెప్పు."

ఆ ప్రశ్న గోపిక మేడ మీద ఎన్నోసార్లు తనకు తానే వేసుకుంది.

భవితను బెల్లంకొండలో ఉన్న తన అక్క కన్యక ఇంట్లో దింపి వచ్చింది. బట్టీలు లేని ఊరు. పిల్ల పన్నెండు రోజులు హాయిగా నిద్రపోయింది. ఫోనులో నవ్వింది కూడా. పదమూడో రోజు కన్యక ఫోను చేసింది. పత్తి ఏరడం అయిపోయి పొలాల్లో కట్టె తగలబెడుతున్నారట. పొగ మంచుతో కలిసి ఊరి మీదే పడుకుందట.

"పిల్ల కూర్చునే ఉందే. పడుకోలేకపోతంది. తొందరగా రా."

గోపిక బస్సు దిగి పరుగెత్తింది. కన్యక వాకిలికి తడిగుడ్డలు కట్టింది. తలుపు సందుల్లో పాత చీరలు కుక్కింది. లోపల భవిత మోకాళ్ల మీద చేతులానించి, భుజాలు ఎగరేస్తూ, ఒక్కో ఊపిరినీ లాక్కుంటోంది. అమ్మను చూసి ఏదో అనబోయింది. మాటకు గాలి చాలలేదు.

నరసరావుపేట ఆస్పత్రికి దుర్గాప్రసాద్ కూడా వచ్చాడు, ఆరు రోజులున్నారు. పిల్ల బతికింది. ఊపిరితిత్తులు వయసుకు తగ్గట్టు పెరగలేదని, రోజుకు రెండు పూటలా మందు పీల్చాలని చెప్పి పంపారు. ఎక్కడికి తీసుకుపోవాలని గోపిక అడిగింది. ఈ మాట రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారన్నాడు డాక్టరు.

ముగ్గురూ మళ్లీ పిడుగురాళ్ల బస్సే ఎక్కారు. దుర్గాప్రసాద్‌ను హైవే అవతల ఇంకో బట్టీలో పనికి రమ్మన్నారు. మర్నాడు తెల్లారగానే అతను తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్తుంటే గోపిక అడ్డు చెప్పలేదు. కిటికీలు మూసి, భవిత నోటికి మందు గొట్టం ఆనించి, పీల్చమంది. పిల్ల పీల్చింది. బయట మంచు ఇంకా విడవలేదు. ముసురు పట్టడానికి నాలుగు నెలల పైనే ఉంది.