మస్తాన్ నాయనమ్మ ఫాస్టింగ్ షుగర్

2003లో నేను గుంటూరులో ఒక షుగర్ డాక్టరుగారి దగ్గర నర్సుగా పనిచేసేదాన్ని. మిరపకాయల లారీలు తిరిగే రోడ్డు మీద మా ఆసుపత్రి. ఎండాకాలం వచ్చిందంటే పేషెంట్ల కంటే మేమే ఎక్కువ తుమ్మేవాళ్ళం.

ప్రత్తిపాడులో పరుపులు కుట్టే మస్తాన్‌కి అప్పుడు ఇరవై రెండేళ్ళు. సన్నటి మనిషి. పరగడుపున తీసే ఫాస్టింగ్ షుగర్ ఎప్పుడు చూసినా నూట ముప్పై దగ్గరే ఉండేది. టైప్ టూ అనుకుని బిళ్ళలిచ్చారు, అన్నం తగ్గించారు. పిల్లాడు చిక్కి సగమయ్యాడు గానీ అంకె మాత్రం కదల్లేదు. దొంగతిండి తింటున్నాడని ఇంట్లో వాళ్ళు దెప్పేవాళ్ళు. ఇక ఇన్సులిన్ మొదలుపెట్టాలన్నారు డాక్టరుగారు. రోజంతా దబ్బనంతో పనిచేసేవాడు, ఆ సన్న సూది మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"అల్లా తోడు సిస్టర్, నేనేం తినలా," అన్నాడు.

ఇన్సులిన్‌కి ముందు, ఇంట్లో వంట చేసేవాళ్ళని పిలిపించి తిండి సంగతి మాట్లాడటం మా పద్ధతి. వాళ్ళ నాయనమ్మ వచ్చింది. డెబ్బై దాటినా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి. ఎండన పడి వచ్చింది కదా, టీ తాగమంటే వద్దంది.

"వాడు పరగడుపునుంటే నాకు ముద్దెట్టా దిగుద్దమ్మా? వాడికి టెస్టున్న రోజు నేనూ తినను."

ఆ మాట విన్న డాక్టరుగారు, అయితే ఈవిడ రక్తం కూడా తీయమన్నారు. నూట ఇరవై ఎనిమిది వచ్చింది. జన్మలో షుగర్ బిళ్ళ ఎరగదు, కళ్ళూ కిడ్నీలూ భేషుగ్గా ఉన్నాయి. మస్తాన్ నాన్నకి చూస్తే ఆయనదీ అంతే. డాక్టరుగారు ఇన్సులిన్ మాట పక్కనపెట్టి, ఇది వంశంలో వస్తున్నదేమోనని ముగ్గురి రక్తమూ చెన్నైలో ఒక ల్యాబుకి పంపారు.

కొన్ని నెలలకి జవాబొచ్చింది. గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ తయారుచేసే జన్యువులో మార్పు, అంటే మ్యుటేషన్. రక్తంలో చక్కెర పెరిగిందని పసిగట్టి ఇన్సులిన్ వదిలించేది ఆ ఎంజైమే. వీళ్ళలో అది కాస్త ఆలస్యంగా మేలుకుంటుంది. అందుకే చక్కెర పుట్టుకనుంచీ కొంచెం పైనే ఉంటుంది, ఇంచుమించు అక్కడే ఆగుతుంది. మామూలుగా మందులు అక్కర్లేదు.

మస్తాన్ ముఖం వెలిగింది. ముసలమ్మ మాత్రం, ఈ జబ్బు నా నుంచే వచ్చిందా వాడికి అని ఏడ్చింది. డాక్టరుగారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"మీ నుంచేనమ్మా. మీరిన్నేళ్ళు చల్లగా బతికారు గనకే వాడికి సూది తప్పింది."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, దాచడం దేనికి.

షుగరున్న వాళ్ళంతా మందులు మానొచ్చని కాదు, మానితే కొంప మునుగుతుంది. కానీ అప్పటినుంచీ చిన్నవయసులో షుగర్‌తో ఎవరొచ్చినా, ఏం తిన్నావని అడిగే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళ షుగర్ ఎంతని అడుగుతున్నాను.