డేవిడ్ రాజు గారి రెండు తలుపుల కారు

నిన్న పొద్దున్న డేవిడ్ రాజు గారి అబ్బాయి ఫోన్ చేశాడు.

"బాబాయ్ గారండీ, నాన్న లేరండీ. నిద్రలోనే పోయారండీ."

ఊఁ అని పెట్టేశాను.

ఏ కబురైనా ముందు ఆయనకే చెప్పడం నాకు అలవాటు. ఆ అలవాటులో ఆయన నంబరే నొక్కాను.

మళ్ళీ ఆ అబ్బాయే ఎత్తాడు.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ఆయన తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లు యజమానికి డ్రైవరు. ఆ యజమాని మోజుపడి కొన్న పాత ఫారిన్ కారు ఉండేది. పడవంత పొడుగు, రెండే తలుపులు. ఈయన చేతికి తప్ప స్టార్ట్ అయ్యేది కాదు. చివరికి ఈయనకే ఇచ్చేశారు.

నాది మామూలు చిన్న కారు. ఏసీ, పవర్ స్టీరింగు.

ఆదివారం చర్చి అవగానే ఆ కారులో ఏలూరు మా ఇంటికి వచ్చేవారు. దిగుతూనే నా కారు చూసి మొదలు.

"అగ్గిపెట్టె కడిగారాండీ?"

"మాది లీటరుకి పదహారు ఇస్తుందండీ. మీది ఆకివీడు వెళ్ళేలోపు ట్యాంకు తాగేస్తుంది. పైగా మా దాంట్లో ఐదుగురు పడతారు."

"ఆ ఐదుగురు ఎక్కడున్నారండీ మనకి?"

నేను ఇంకెవరితోనూ ఇంత మాట్లాడను.

మా ఆవిడకి విజయవాడలో ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకొద్దామని నా కారు ఎక్కించాను. ఆసుపత్రి గేటు దాటకుండానే, ప్రతి గతుక్కీ కుట్లు లాగి ఏడ్చింది. ఆయనకి ఫోన్ చేశాను.

వచ్చారు. ముందు సీటు వెనక్కి వాల్చి ఆవిడని పడుకోబెట్టారు. నేను వెనక ఇరుక్కున్నాను. అది పేరుకే సీటు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

హనుమాన్ జంక్షన్ దాటాక చూస్తే ఆవిడ నిద్రపోతోంది. ఎన్నో రోజుల తర్వాత అదే మొదటి నిద్ర.

ఇంటి ముందు ఆపారు గానీ ఇంజిన్ ఆపలేదు.

"లేపకండి. చప్పుడు ఆగితే మెలకువొచ్చేస్తుంది," అన్నారు మెల్లగా.

ఎండలో గంటసేపు అలాగే కూర్చున్నాం.

మీ బండే మంచిదండీ అని ఆ రోజే అనాల్సింది. నోరు రాలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ మైలేజీ అన్నాను. ఆయన నవ్వారు.

మా ఆవిడ పోయాక కూడా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే వాదన అయిపోతుంది. అయిపోతే ఆయన రావడం మానేస్తారేమోనని భయం.

ఇప్పుడు చెబుతున్నాను డేవిడ్ రాజు గారూ. మీ బండే మంచిది.

దేవుడు మీకు నెమ్మదినివ్వాలి. సెలవండీ.