ముక్కు సంగతి అడిగిన మా అత్త

ఆడవాళ్లు నేరాలు కనిపెట్టే కథలు, అదీ రక్తం పెద్దగా పారకుండా ఇంట్లో కాళ్లు చాపుకుని హాయిగా చదువుకునేవి, ఏవైనా చెప్పమంటే నాకు నోరు ఆగదు. చిక్కబళ్లాపురంలో నేను పాఠాలు చెప్పే బడిలో స్టాఫ్‌రూమంతా నా బాధితులే. బ్రెడ్లు చేసి అమ్ముకునే ఆమె సిరీస్ ఉంది, రిటైరై పూలమొక్కలు పెంచుకునే టీచరమ్మది ఉంది, బట్టలు కుట్టే అక్కచెల్లెళ్లది ఉంది. వీళ్లలో ఎవరికీ పోలీసు ఉద్యోగం లేదు. ఊళ్లో ఎవరూ వీళ్లను లెక్కచెయ్యరు, అందుకే వీళ్లకు అన్నీ కనపడతాయి. మొదటి పుస్తకం నుంచి వరసగా చదవమంటాను. హంతకుడెవరో మరిచిపోతాం గాని, ఆమె ఇరుగుపొరుగుతో పడే తంటాలు మరిచిపోలేం.

ఊరందరికీ ఇంత గొప్పగా చెప్పే నాకు మా అత్త దగ్గర మాత్రం పప్పులుడకలేదు.

మాది బాగేపల్లి, కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దు ఊరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది కన్నడ, నేను బస్సులో ఫోన్ తెరిచి చదివేది ఇంగ్లీషు. విత్తనాల రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు మా వసారాలో వీధి ఆడవాళ్లు కూర్చుని శనక్కాయలు వొలుస్తారు. ఆ పుస్తకాలన్నీ నేను అక్కడ తెలుగులో చెప్పేదాన్ని. అత్త కాయ చిట్లించుకుంటూనే అడ్డు తగిలేది.

“ఆ ఊర్లో పోలీసోళ్లు యాడికి పోయినారంటమ్మా?”

“ఉండారత్తా. వాళ్లకి తెలీదు.”

“ఆయమ్మ యాడికి పోయినా ఎవురో ఒగరు సస్తాండారు. అట్లాదాన్ని పేరంటానికి ఎవురు పిలుస్తారు?”

అందరూ పకపకా నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. కానీ పొయ్యి మీద పాలు చూడడానికి నేను లేచి వెళ్తే, “ఆ తాళంచెవి సంగతేమాయ?” అని వెనక నుంచి కేకేసేదీ ఆమే.

పోయినేడు శ్రావణంలో వరమహాలక్ష్మి పండగ వచ్చింది. మా పక్కిల్లు శనక్కాయల వ్యాపారులది. వాళ్లింట్లో అమ్మవారికి వెండి ముఖం పెట్టరు. గోధుమపిండిలో పసుపు కలిపి, కలశం మీది కొబ్బరికాయకు కళ్లూ ముక్కూ నోరూ దిద్దుతారు. ఆ ముక్కుకు వాళ్ల అవ్వగారి ఎర్రరాయి ముక్కుపుడక గుచ్చుతారు. అది తరాల ఆనవాయితీ. పక్కింటామె అలంకరిస్తుంటే నేను ఫోటోలు తీస్తూ ఉన్నాను. మా అత్త పూజగది గడప ఇవతల కుర్చీలో కూర్చుంది. మామగారు పోయినప్పటి నుంచి ఆమె ఇలాంటి రోజు ఆ గడప దాటదు. లోపలికి రమ్మనేవాళ్లు లేరు, వస్తానని ఆమె అడిగిందీ లేదు.

మర్నాడు పొద్దున కలశం కదిలించి నగలు తీస్తే ముక్కుపుడక లేదు.

మా రెండిళ్లలోనూ పని చేసే ఆమె అప్పటికే వచ్చి వాళ్ల హాలు ఊడ్చి వెళ్లింది. ఆమెకూ భర్త లేడు. మా వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కింటామె వీధిలోకి వచ్చి, నలుగురూ వినేలా అరిచింది.

“పొద్దున్నే ఇంట్లోకి వచ్చింది నువ్వొకతివే గదా! ఇంగెవురు తీస్తారు?”

పనామె ముగ్గుచిప్ప కింద పెట్టేసింది. తలొంచుకుని ఇంటికి పోయింది. కాసేపటికి బట్టల సంచీ భుజానికి తగిలించుకుని మా గేటు దగ్గరికి వచ్చింది.

“ఇంగ ఈ వీధిలో తలెత్తుకోని తిరగలేనమ్మా. పరగోడులో మా తమ్మునింటికి పోతాను.”

ఆ తమ్ముడింటి సంగతి మాకు తెలుసు. మరదలు రెండ్రోజులు అన్నం పెడుతుంది, ఆ తర్వాత గిన్నెలు మోగిస్తుంది. ఇక్కడేమో దొంగ అన్న మాట పడ్డాక ఇంకో ఇల్లు పనికి రానివ్వదు. నేను కొంగు బిగించాను, పక్కింటికి పోయి కడిగేద్దామని.

“నిలబడు,” అంది అత్త. “కొట్లాడితే పుడక దొరకతాదా? నీ ఫోన్ తే. అమ్మోరి మొగం పెద్దది చేసి చూపీ.”

సాయంత్రం తీసిన మొదటి ఫోటోలో ముక్కు మీద ఎర్రరాయి మెరుస్తోంది. హారతి ఇచ్చేటప్పుడు తీసిన ఫోటోలో ముక్కు లావైంది, రాయి లేదు. పనామె వచ్చింది తెల్లారాక.

“దీపాల సెగకి ముక్కు బీటలిచ్చె,” అంది అత్త నిదానంగా. “హారతి ముందర పక్కింటాయమ్మే మళ్లీ తడిపిండి అద్దింది. గడప కాడ కూర్చున్నోళ్లకి చూసేది తప్ప ఇంగేం పనుంటాది?”

పనామెను మా వసారాలో కూర్చోమని, ఇద్దరం పక్కింటికి వెళ్లాం. అక్కడ చీర మడతలు దులుపుతున్నారు, కలశం కింది బియ్యం జల్లిస్తున్నారు. అత్త నిన్నటి చోటే, గడప ఇవతలే నిలబడింది.

“ముక్కుపుడక పోయిందంటాండావు, సరే. ముక్కేమాయనో చెప్పు.”

పక్కింటామె తెల్లమొహం వేసింది. “ముక్కేంది పెద్దమ్మా? ఆ పసుపంతా వొలిచి గిన్నెలో యేసి, నీళ్లు పోసుకునే కాడ పెట్నా. తాళిబొట్టుకి పూసుకునేదానికి.”

“ఆ గిన్నె తే. ఒక చెంబు నీళ్లు తే.”

ఎండిన ముద్దలన్నీ నీళ్లలో వేసి అత్త వేళ్లతో చిదిమింది. నీళ్లు పచ్చబడ్డాయి. అడుగు నుంచి చెయ్యి పైకి తీస్తే, అరచేతిలో ఎర్రరాయి! నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి కేక పెట్టాను. వాళ్లాయన హాల్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

“దొరికింది కదా పెద్దమ్మా, ఇంగ సుమ్మనే ఊరుకుందాం,” అంది పక్కింటామె, మొహం ఎర్రగా చేసుకుని.

“యాడ ఊరుకునేది? ఆమెని ఈ గడప తొక్కనిచ్చినావా? నన్నే రానీలేదు, ఆమెని రానిస్తావా? గడప దాటనీని మనిషి మీద గదిలో దొంగతనం యెట్ల యేస్తివమ్మా? వీధిలో అన్న మాట వీధిలోనే ఎనిక్కి తీసుకో.”

తీసుకుంది. ఆ మాట చెప్పుకోవాలి. వీధి మధ్యకు వచ్చి, పనామె చేతులు పట్టుకుని, “నాదే తప్పు, నన్ను మన్నించు,” అని పొద్దున అరిచినంత గట్టిగానే చెప్పింది. పనామె భుజం మీద సంచీ అత్తే తీసి మా ఇంట్లో పెట్టింది. నాకైతే ఏనుగెక్కినంత సంబరం. చింతామణిలో మా అమ్మకు ఫోన్ చేసి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, మధ్యలో ఆపి ముక్కేమైందో ఊహించమన్నాను కూడా. అమ్మకు తెలియలేదు.

తర్వాతి ఆదివారం వొలిచేదానికి కాయలు లేకపోయినా వసారా నిండిపోయింది. ఏ కథ చెప్పించుకోవాలని ఎవరో అడిగితే, నేను నోరు తెరిచేలోపు అత్త అందుకుంది.

“ఆ బట్టలు కుట్టే అక్కచెల్లెండ్లది చెప్పమనండి. మొదటి నుంచి వినల్ల, నడమ నుంచి వింటే రుచుండదు. బ్రెడ్డు చేసేయమ్మది వద్దు. ఊరికే మాట్లాడతాది, ఒగటీ చూడదు.”

ఇన్నేళ్లూ వినడం లేదనుకున్న మనిషి, నాకంటే బాగా విన్నది!

ఈ ఏడు కలశం మా ఇంట్లో పెట్టాం. పిండి కలుపుతున్న నన్ను అత్త పక్కకు జరగమంది. పనామెను పిలిచి గిన్నె చేతికిచ్చింది. ఆమె పూజగది గడప దగ్గరే ఆగిపోయింది. అత్తే ముందు లోపలికి అడుగు పెట్టి, “రా,” అంది.

సాయంత్రం తాంబూలానికి పక్కింటామె వచ్చింది. అమ్మవారి ముఖాన్ని చాలాసేపు చూసింది.

“ముక్కు శానా బాగుండాది. ఎవురు పెట్టినారు?”

“నేనే పెట్టినా,” అంది పనామె, పూజగది లోపల నుంచి.