చలవ బాబాయి కూతురి కడుపునొప్పి

ఐస్‌క్రీమ్ కొట్టు నడిపే ఆయన్ని వీధంతా చలవ బాబాయి అనేది. ఆ చలవ పెట్టెల్లోనే తప్ప మనిషిలో మచ్చుకైనా ఉండేది కాదు. గరిటె కనపడకపోతే కొట్టు కప్పు లేచిపోయేలా అరిచేవాడు. అది తన చేతిలోనే ఉందని తెలిశాక ఇంకాస్త గట్టిగా అరిచేవాడు.

అంతటివాడూ కూతురి దగ్గర మాత్రం వెన్నముద్ద. మూడో తరగతి చదివే ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవారు. ఆ ఏడు పిచ్చుకకి కడుపునొప్పి పట్టుకుంది. పొద్దున బడికి బయలుదేరే వేళకి బొడ్డు చుట్టూ మెలిపెట్టేది. ఒకరోజు విరేచనాలు, ఆ తర్వాత నాలుగు రోజులు ఆ ఊసే ఉండేది కాదు. పొట్ట డోలులా ఉబ్బేది.

తల్లి లెక్కల టీచరు. "ఎక్కాలు అప్పజెప్పే రోజే వస్తోందేంటే నీ నొప్పి?" అంది మొదట్లో.

"ఆదివారం కూడా వస్తోందిగా!" అని పిల్ల ఏడ్చింది. అది నిజమే కాబట్టి తల్లి తన మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అదే ఇంట్లో ఉండే చలవ బాబాయి అత్తగారికి అలాంటి ఇబ్బందేమీ లేదు. "ఇంకేముంది! పుట్టిన దగ్గర్నుంచీ పాలూ మీగడా ఐస్సూనూ. పేగులు గడ్డకట్టుకుపోవూ?" అంది, అల్లుడికి వినపడేంత మెల్లగా.

పిల్లల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. "పుండు లేదు, పురుగు లేదు, భయపడాల్సిందేమీ లేదు. అలాగని నాటకమూ కాదు. నొప్పి నిజంగానే వస్తోంది. ఈ పిల్ల పేగులకి చిరాకెక్కువ. చిన్నదానికే రెచ్చిపోతాయి."

తల్లి మొగుడి వైపు చూసి, "నాన్న పోలికేనండీ" అంది.

"ఏది పడట్లేదో వెతుకుదాం. అన్నీ ఒక్కసారి మాన్పించకండి, పిల్ల ఎండిపోతుంది. ఒక్కోటీ కొన్నాళ్లు ఆపి చూడండి. తేడా లేకపోతే మళ్లీ పెట్టేయండి. ముందు పాలతో మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ.

పాలనగానే అత్తగారి మొహం చాటంత అయింది. చలవ బాబాయి గుండెల్లో రాయి పడింది.

"ఐస్‌క్రీమ్ కొట్టువాడి కూతురికే ఐస్‌క్రీమ్ పడదంటే ఇంక నా మొహం చూసి ఎవరు కొంటారండీ?"

"మీ మొహం చూసి ఇప్పుడు మాత్రం ఎవరు కొంటున్నారు బాబూ!" అంది అత్తగారు.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. రోజూ ఒకే వేళకి, కూర్చుని, నిదానంగా నమిలి తినాలి. కారెట్లూ ఓట్సూ లాంటివి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. చలవ బాబాయి పుట్టి బుద్ధెరిగాక కూర్చుని తిన్నది లేదు. కొట్టుకి వేళయిందంటూ నిలబడే నాలుగు ముద్దలు మింగి పరిగెత్తేవాడు.

"నువ్వూ కూర్చో నాన్నా. లేకపోతే నేనూ నిలబడే తింటా" అంది పిచ్చుక. చేసేది లేక కూలబడ్డాడు.

"నేనింకా నములుతూనే ఉన్నా, నువ్వప్పుడే మింగేశావు. మళ్లీ నమలు."

"మింగేసింది మళ్లీ ఎలా నమలనే తల్లీ?"

"అందుకే ముందే చూసుకోవాలి" అంది పిల్ల, అచ్చం వాళ్లమ్మ తప్పులు దిద్దేటప్పటి గొంతుతో.

పాలు ఆపారు. నొప్పి ఆగలేదు. చలవ బాబాయి లోపల్లోపల ఈల వేసుకున్నాడు. ఆ మర్నాడే పిల్ల పొట్ట పట్టుకుని మెట్ల మీద ముడుచుకు కూర్చుంటే, తన పాలు గెలిచాయని సంబరపడ్డందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ పూట కొట్టు తియ్యలేదు. నలుగురూ కలిసి మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు.

పిల్ల ఇంకా ఏమేం తింటుందని ఆవిడ అడిగింది. ముగ్గురు పెద్దవాళ్లూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆ గోల మధ్య పిచ్చుక మూతి దగ్గర తెల్లటి బుడగ ఒకటి ఉబ్బి, టప్పున పేలింది.

"అదేంటమ్మా?" అంది డాక్టరమ్మ.

"చూయింగ్ గమ్. అమ్మమ్మ రోజూ ఇస్తుంది. బడికెళ్లేటప్పుడు, వచ్చాక, లెక్కలు చేసేటప్పుడు..."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు తినేవే అడిగారు. ఇది తినేది కాదుగా, నమిలి ఊసేసేది."

అత్తగారు గబగబా సంచిలోంచి పొట్లం తీసింది. "పంచదార లేనిదేనండీ! పళ్లు పుచ్చకూడదని ఏరి కోరి కొన్నాను."

"చిక్కంతా అక్కడే ఉందమ్మా. పంచదార బదులు ఇందులో వేసే తీపి పేగుల్లో సరిగ్గా ఇమడదు. నీళ్లు లాగుతుంది, గాలి పుట్టిస్తుంది. ఎక్కువ తింటే ఎవరికైనా పొట్ట ఉబ్బుతుంది, ఇంక ఈ చిరాకు పేగుల సంగతి చెప్పాలా? పైగా నమిలినంతసేపూ గాలి మింగుతుంది. ముందు ఇది మాన్పించి చూద్దాం."

పెళ్లయిన నాటి నుంచీ చలవ బాబాయి ఎదురుచూస్తున్న ఘడియ అది. నోరు తెరిచాడు. అత్తగారు పొట్లాన్ని వేళ్ల మధ్య నలుపుతోంది. "నేనే పెట్టానా దానికి నొప్పి?" అంది మనవరాలి వైపు చూస్తూ. తెరిచిన నోట్లోంచి ఆయన అనుకున్న మాటలు రాలేదు.

"ఆ బిళ్లలు నేనూ రెండు కొట్టేశాను లెండి అత్తయ్యా. బానే ఉన్నాయి" అన్నాడు.

బయటికొచ్చాక భార్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఏమండీ, మీ ఒంట్లో బాగానే ఉందా?"

పిచ్చుక గమ్ము మానేసింది. పాలు మళ్లీ మొదలయ్యాయి, ఐస్‌క్రీమ్ కూడా, చిన్న గిన్నెతో. కొన్ని వారాలకి పొట్ట దిగింది. నొప్పి మొత్తంగా పోయిందని కాదు. పరీక్షలప్పుడో, పుట్టినరోజు విందులో, ఆ తీపి సహజంగానే ఉండే ఆపిల్ రసం గ్లాసులకి గ్లాసులు లాగించినప్పుడో వచ్చేది. అప్పుడు వేడినీళ్ల సంచి పొట్ట మీద పెట్టుకుని, "వచ్చింది, కాసేపుండి పోతుంది" అని తండ్రికి పిచ్చుకే ధైర్యం చెప్పేది.

ఇక అత్తా అల్లుళ్లు. సరుకుల కొట్లో ఏ పొట్లం కొన్నా వెనకనున్న చీమతలకాయంత అక్షరాలు చదవనిదే కదిలేవారు కాదు. ఆవిడ భూతద్దం పట్టుకునేది, ఆయన కూడబలుక్కుని చదివేవాడు. వెనక వరస వీధిలోకి సాగేది.

ఓసారి కొట్టతను విసుక్కున్నాడు. "కొంటారా, పరీక్షకి చదువుకుంటున్నారా?"

ఇద్దరూ ఒక్కసారే అతని మీద విరుచుకుపడ్డారు. జీవితంలో మొదటిసారి, ఒకే పక్షాన.